గారె చిల్లులో ఉన్న ఊరు

టీచరమ్మ జవాబులు

పోయిన నెల మా బిడ్డ ఉండే మెటచెన్ గురించి ఈ పేజీలో నాలుగు ముక్కలు రాశాను. ఇక చూడండి, ఉత్తరాలే ఉత్తరాలు. న్యూజెర్సీలోని ఆ చిన్న ఊరి చుట్టుపక్కల మన ఓరుగల్లు పిల్లలు ఇంతమంది ఉన్నారని నాకూ ఇప్పుడే తెలిసింది. హనుమకొండలో ఏళ్లకేళ్లు సోషల్ చెప్పి రిటైరైన మనిషిని. మ్యాపులు, పన్నులు, పంచాయతీలు అంటే నాకు హుషారు కాస్త ఎక్కువ. విసుగనిపిస్తే కింది ఉత్తరానికి దూకేయండి, ఏమీ అనుకోను.

*

ప్రశ్న: మా పెద్దోడు ఇన్నేళ్లు ఎడిసన్‌లో కిరాయికి ఉండి, ఇప్పుడు మెటచెన్‌లో ఇల్లు కొన్నాడు. మ్యాపులో చూస్తే అది ఎడిసన్ నడుమనే ఉంది. అది ఎడిసన్‌లో ఒక కాలనీయా, వేరే ఊరా? ఇంటిపన్ను ఏటా పది వేల డాలర్లు దాటుతుందంటున్నాడు. అంత చిన్న ఊరికి అంత పన్ను ఏందమ్మా?
— ఒక తండ్రి, పరకాల

జవాబు: వేరే ఊరే అన్నా, ముమ్మాటికీ వేరే ఊరు. గారెను తలుచుకోండి. చుట్టూ ఉన్న పిండి ఎడిసన్, నడిమి చిల్లు మెటచెన్. ఏ దిక్కుకు బయలుదేరినా పొలిమేర దాటగానే తగిలేది ఎడిసనే. 2020 జనాభా లెక్కల్లో ఎడిసన్‌కు 1,07,588 మంది, మెటచెన్‌కు 15,049 మంది. మొత్తం ఊరు మూడు చదరపు మైళ్లు కూడా ఉండదు.

చిన్నదని ఎడిసన్ చేతి కింద ఉందనుకునేరు. దాని మేయరు దానికున్నాడు, ఆరుగురు కౌన్సిల్ సభ్యులున్నారు, సొంత పోలీసులు, సొంత స్కూలు బోర్డు ఉన్నాయి. ఇట్లాంటి ఊళ్లను అక్కడ బరో అంటారు. మన తెలంగాణలో ఐదో వంతు ఉండే న్యూజెర్సీ రాష్ట్రంలో ఊరి ప్రభుత్వాలే 564. అందులో రెండు వందల యాభై దాకా బరోలే.

ఇన్ని ఎందుకయ్యాయంటే బడుల గొడవ వల్ల. 1894లో ఆ రాష్ట్రం చిన్నచిన్న స్కూలు జిల్లాలను కలిపేసి, టౌన్‌షిప్ (మన మండలం లాంటిదనుకోండి) మొత్తానికి ఒకటే ఉండాలని చట్టం చేసింది. బరోగా ఏర్పడిన ఊరికి మాత్రం సొంత బడి పెట్టుకునే వీలుంచింది. ఇంకేముంది, మా పన్ను డబ్బు పక్క ఊరి బడికి ఎందుకు పోవాలని జనం ఎక్కడికక్కడ విడిపోవడం మొదలుపెట్టారు. ఒక్క బెర్గన్ కౌంటీలోనే (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) ఏడాది రెండేళ్లలో పాతిక పైన బరోలు పుట్టుకొచ్చాయి. చివరికి ప్రభుత్వమే కళ్లెం వేసి, శాసనసభ ఒప్పుకుంటే తప్ప కొత్తది కుదరదంది. మెటచెన్ ఆ తర్వాతిది. 1900 మార్చిలో శాసనసభ చట్టంతోనే విడిపోయింది. విడిపోయింది ఎడిసన్ నుంచి అని చాలామంది చెబుతారు గానీ, అప్పటికి ఆ పేరే లేదు. అది రారిటన్ టౌన్‌షిప్. ఎడిసన్ అని పేరు మార్చుకున్నది 1954లో.

మనకు ఇది కొత్తేం కాదు. 2018 పంచాయతీరాజ్ చట్టంతో మన దగ్గర వందల తండాలు సొంత పంచాయతీలయ్యాయి కదా. 'మా తండాలో మా రాజ్యం' అని ఎన్నేళ్లు కొట్లాడితే అయ్యాయి! తేడా ఎక్కడంటే, మన పంచాయతీకి నిధులు పైనుంచి రావాలి. ఆ బరో మాత్రం తన ఖర్చులో పెద్ద భాగం ఇంటిపన్నుతోనే రాబట్టుకోవాలి. అసలు కిటుకు ఇక్కడే ఉంది.

మీవాడికి వచ్చే బిల్లును ఒకసారి ఫోన్లో ఫొటో తీసి పంపమనండి. అందులో బడి, ఊరు, కౌంటీ అని వాటాలు విడివిడిగా ఉంటాయి. ఆ రాష్ట్రంలో సగటున సగం దాకా బడికే పోతుంది. పిల్లలున్నా లేకున్నా కట్టాల్సిందే. ఏడాదికి నాలుగు వాయిదాలు, ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరు ఒకటో తారీఖున. అమెరికా మొత్తంలో ఇంటిపన్ను ఎక్కువగా ఉండేది న్యూజెర్సీలోనే. పది వేల డాలర్లంటే అక్కడ మామూలు లెక్కే. మీవాడిని ఎవరో మోసం చేశారని కంగారు పడకండి. ఇంటి విలువ ఎక్కువ కట్టారనిపిస్తే కౌంటీ పన్నుల బోర్డుకు అప్పీలు చేసుకోవచ్చు, సాధారణంగా దానికి గడువు ఏప్రిల్ 1.

ఇంకొక్క మాట. కౌన్సిల్ మీటింగుకు ఎవరైనా పోయి కూర్చోవచ్చు, జనం మాట్లాడటానికి కొంత సమయం విడిగా పెడతారు. నేను వెళ్లి కూర్చున్నాను. ఒక పెద్దాయన లేచి తన వీధిలో చెట్టు వేర్లు కాలిబాట పలకను ఎత్తేశాయని, మనిషి తట్టుకుని పడితే ఎవరు జవాబుదారీ అని నిలదీశాడు. మేయరు రాసుకున్నాడు. అంత పన్ను కట్టేవాళ్లు ఆ మాత్రం అడగాలి. మనవాళ్లు మాత్రం ఆ గడప తొక్కరు. పన్ను గురించి ఫోన్లో మనకు చెప్పి ఏం లాభం, అక్కడ అడగాలి గానీ.

*

ప్రశ్న: నేను ఇళ్లు కట్టించే మనిషిని. నా తమ్ముని కొడుకు అదే మెటచెన్‌లో 1920ల నాటి చెక్క ఇల్లు బేరం చేస్తున్నాడు. కోట్ల రూపాయలు పోసి వందేళ్ల చెక్కను కొనుడేంది మేడం? నాకైతే టెన్షన్ అవుతుంది.
— ఒక కాంట్రాక్టర్, హనుమకొండ

జవాబు: చెక్క అని భయపడకండి. అక్కడ కొత్త ఇళ్లూ ఎక్కువగా చెక్క చట్రం మీద లేపినవే. మెటచెన్‌లో పాత ఇళ్లకు గిరాకీ. ముందు వరండా, పెద్ద చెట్లు, రైలు స్టేషన్‌కు నడకదూరం, వీటికే ఆ ధర. వయసు వదిలేయండి, నాలుగు సంగతులు చూపించుకున్నాడా అని అడగండి.

మొదటిది, పెరట్లో పాతిపెట్టిన నూనె ట్యాంకు. పూర్వం ఆ ఇళ్లను చలికాలంలో వెచ్చబెట్టడానికి నూనె కాల్చేవాళ్లు. ఇనుప ట్యాంకును భూమిలో పాతేవాళ్లు. తర్వాత గ్యాస్ వచ్చింది, ట్యాంకు అక్కడే ఉండిపోయింది. తుప్పుపట్టి కారిందంటే ఆ మట్టి మొత్తం తవ్వి శుద్ధి చేయించే బాధ్యత ప్రస్తుత యజమానిది. ఇంటి బీమా మామూలుగా దాన్ని మోయదు. అందుకే కొనేముందు ఒక మనిషిని పిలుస్తారు. మా బిడ్డ ఇంటికి వచ్చినతను లోహాన్ని పసిగట్టే యంత్రం పట్టుకుని పెరడంతా, పూలమొక్కల మధ్య కూడా, నాగలి చాలు పట్టినట్టు వరుసగా నడిచాడు. అది కూత పెట్టిన చోటల్లా చిన్న జెండా గుచ్చాడు. ఒకచోట దొరికింది పాత పైపు ముక్క, అంతే. ట్యాంకు తీయించే ఖర్చు ముందు ఈ పరీక్షకు పెట్టే ఖర్చు లెక్కలోకే రాదు.

రెండోది వైరింగు. అప్పటి ఇళ్లలో పింగాణీ గుబ్బల మీదుగా లాగిన తీగలు ఇంకా గోడల్లో ఉంటే బీమా కంపెనీలు మొరాయిస్తాయి. మూడోది రంగు. 1978కి ముందు కట్టిన ఇంట్లో సీసం కలిసిన రంగు ఉందని తెలిస్తే అమ్మేవాళ్లు చెప్పి తీరాలి. చంటిపిల్లలుంటే దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. నాలుగోది చెదలు, అది మీకు నేను చెప్పేదేముంది!

ఈ నాలుగూ సరిగ్గా ఉంటే కొననివ్వండి. కాంక్రీటు లేదని అలగకండి.

*

ప్రశ్న: వచ్చే నెల బిడ్డ కాన్పుకు పోతున్నం. ఆరు నెలలు ఉండాలె. పోయినసారి వేరే రాష్ట్రంలో ఉన్నప్పుడు కిటికీలోంచి చూస్తే రోడ్డు మీద ఒక్క మనిషి కనబడకపోయేది. మా ఆయనకు అక్కడ కారు రాదు, నాకు ఇంగ్లీషు రాదు. జైలులో పడ్డట్టయింది. ఇప్పుడు వాళ్లు మెటచెన్‌కు మారిండ్రు. ఇది కూడా అంతేనా టీచరమ్మా?
— ఒక తల్లి, జనగామ

జవాబు: అమ్మా, మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. అమెరికాకు పోయి వచ్చిన అమ్మానాన్నల్లో సగం మంది బాధ ఇదే, బయటికి మాత్రం "మంచిగుంది" అంటారు.

మెటచెన్ అంత కాదు. ఎందుకంటే అది కార్లు రాకముందు రైలు స్టేషన్ చుట్టూ పెరిగిన ఊరు. మెయిన్ స్ట్రీట్ అని ఒక బజారు ఉంటుంది. రైలు పట్టాలు పైన, రోడ్డు వంతెన కింద. దానికి అటూ ఇటూ దుకాణాలు, కాఫీ కొట్లు, మంగలి షాపు, బెంచీలు. స్టేషన్ దగ్గర పెద్ద కిరాణా సూపర్‌మార్కెట్ కూడా ఉంది. అక్కడ మనుషులు నడుస్తారు, కుక్కల్ని నడిపిస్తారు, చంటిపిల్లల బండ్లు తోసుకుంటూ పోతారు. మీరు కనబడితే నవ్వుతారు, మీరూ నవ్వండి, ఇంగ్లీషు అక్కర్లేదు.

కానీ ఒకటి తేల్చుకోండి, ఈ రోజే ఫోన్ చేసి అడగండి: "ఇంటి నుంచి మెయిన్ స్ట్రీట్‌కు నడిచి ఎన్ని నిమిషాలు?" మన పిల్లలు ఇల్లు చూపించేటప్పుడు నాలుగు బెడ్‌రూములు, రెండు కార్ల గ్యారేజీ అని చెప్తారు. అవి వాళ్లకు. మనకు కావాల్సింది కాళ్లు పోయేంత దూరంలో నలుగురు మనుషులు. పదిహేను, ఇరవై నిమిషాల లోపు అయితే మీ ఆరు నెలలూ గడుస్తాయి. పొలిమేర దాటి ఎడిసన్‌లో పడ్డారంటే చాలాచోట్ల పెద్ద రోడ్లు, విడివిడి కాలనీలు. అక్కడ కారు లేకుంటే మళ్లీ కిటికీయే.

నడిచేటప్పుడు జాగ్రత్త. మనం రోడ్డు దాటేముందు అలవాటుగా కుడివైపు చూస్తాం. అక్కడ బండ్లు కుడిపక్కన నడుస్తాయి, కాబట్టి ముందు ఎడమవైపు చూడాలి. ఇది మీ ఆయనతో ఇంట్లోనే వారం రోజులు అలవాటు చేయించండి. నవ్వులాట కాదు. సిగ్నల్ స్తంభానికి ఒక గుండీ ఉంటుంది. అది నొక్కి నిలబడితే నడిచే మనిషి బొమ్మ తెల్లగా వెలుగుతుంది, అప్పుడు దాటండి. తెల్లచారల దగ్గర మనిషి దాటుతుంటే బండి ఆగి తీరాలని అక్కడి చట్టం. అయినా డ్రైవరు మొహం మీవైపు తిరిగాకే అడుగు వేయండి. నేనిప్పటికీ అంతే.

సాయంత్రం నడకకు గ్రీన్‌వే ఉంది. పాత లీహై వ్యాలీ రైలు మార్గం మూతపడితే, పట్టాలు పోయిన చోట నడకబాట చేశారు. 2012లో తెరిచారు. మూడున్నర మైళ్లు, మెటచెన్ నుంచి ఎడిసన్ మీదుగా వుడ్‌బ్రిడ్జ్ దాకా పోతుంది. రెండు పక్కలా చెట్లు, సైకిళ్లు తప్ప బండ్లు ఉండవు. రైలు కోసం వేసిన తొవ్వ కాబట్టి ఎక్కుడు దిగుడు లేదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి? మన భద్రకాళి చెరువు కట్ట మీద ఎట్లా పలకరించుకుంటామో అక్కడా అట్లాగే. సాయంత్రం పూట తెలుగు, గుజరాతీ, తమిళం వినబడుతూనే ఉంటాయి. చీర కట్టుకున్న ఆమె కనబడితే మీరే ముందు "ఎక్కడినుంచి వదినా?" అనండి. ఆమె కూడా ఎవరైనా అడుగుతారేమోనని చూస్తుంటుంది.

మీ ఆయనకు రైలు. మెటచెన్ స్టేషన్ నుంచి న్యూయార్క్ పెన్ స్టేషన్‌కు ముప్పావుగంట, కాస్త అటూ ఇటూ. బండి మారనక్కర్లేదు. 62 ఏళ్లు నిండినవాళ్లకు టికెట్ తగ్గింపు ఉంది, వయసు తెలిసే కార్డు దగ్గర ఉంచుకోవాలి. ఎక్కకపోయినా పర్వాలేదు. నాలాంటి కాజీపేట పుట్టింటిదానికి ప్లాట్‌ఫాం మీద ఊరికే నిలబడటం కూడా కాలక్షేపమే. అసేలా అనే అతివేగం రైలు అక్కడ ఆగదు, నిలబడ్డ చోట గాలికి కొంగు లేచిపోయేంత వేగంతో దూసుకుపోతుంది. పసుపు గీతకు బాగా వెనక్కి ఉండండి.

కాన్పు ఎప్పుడో రాయలేదు మీరు. వేసవిలో అయితే రాత్రి ఎనిమిదిన్నర దాకా వెలుతురే. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది, పైగా మంచు. మంచు పడ్డాక ఇంటి ముందు కాలిబాటను ఇంటివాళ్లే తీయాలి. అల్లుడు పార పట్టుకుని తోస్తుంటే మీకు మనసొప్పదు, నాకు తెలుసు. అయినా ఆ పార మీరు పట్టుకోవద్దు. జారి పడితే తుంటి విరుగుతుంది, ఆస్పత్రి బిల్లు అంతకన్నా ఘోరం. విజిటర్ల బీమా ఇక్కడే తీసుకుని పొండి.

బాలింతకు చేయడం మీ పనే, కాదనను. కానీ రోజుకు ఒక గంట బయటికి పోతానని వెళ్లిన మొదటి రోజే బిడ్డకు చెప్పేయండి. తర్వాత చెబితే అలిగినట్టుంటుంది.

*

ప్రశ్న: మాది ఎన్‌టీపీసీ ఉన్న ఊరు, నేను అందులోనే పనిచేసి దిగిపోయాను. ఎడిసన్ బల్బు కనిపెట్టింది మీరు రాసిన ఆ ప్రాంతంలోనేనా? చూడటానికి ఇప్పుడేముంది?
— ఒక విశ్రాంత ఉద్యోగి, రామగుండం

జవాబు: అక్కడే. మెటచెన్ పక్కనే, ఇప్పటి ఎడిసన్ టౌన్‌షిప్‌లోని మెన్లో పార్క్. 1876లో ఎడిసన్ అక్కడ ప్రయోగశాల పెట్టాడు. 1877లో గొంతును పట్టి మళ్లీ వినిపించే ఫోనోగ్రాఫ్, 1879లో నిలకడగా వెలిగే బల్బు అక్కడివే. ఆ ఏడాది చివరి రోజున బల్బులు వెలిగించి చూపిస్తుంటే జనం కోసం రైల్వేవాళ్లు ప్రత్యేక బండ్లు నడిపారు. క్రిస్టీ స్ట్రీట్ అనే చిన్న వీధిలో ఆ దీపాలు వెలిగాయి. మీలాంటి కరెంటు మనిషి ఆ వీధిలో ఒక్కసారి నడవాల్సిందే.

ముందే చెబుతున్నా, అసలు ప్రయోగశాల అక్కడ లేదు. మిగిలిన సామానంతా హెన్రీ ఫోర్డ్ మిషిగన్ రాష్ట్రంలోని డియర్‌బోర్న్‌కు తరలించి, 1929 నాటికి అక్కడ మళ్లీ నిలబెట్టాడు. మెన్లో పార్క్‌లో ఇప్పుడున్నది 1938లో ప్రారంభించిన స్తంభం. ఎత్తు 131 అడుగులు. దాని నెత్తిన దాదాపు 14 అడుగుల గాజు బల్బు. పక్కన చిన్న మ్యూజియం. అంత పెద్ద పేరుకు ఇంతేనా అని మా ఆయన పెదవి విరిచాడు. నాకు మాత్రం నచ్చింది. చుట్టూ మామూలు ఇళ్లు, మధ్యలో అది. టికెట్ల కోసం తోసుకునే గుంపు లేదు.

అక్కడిదే ఇంకోటి. ఎడిసన్‌లో ఒకటో నంబరు హైవే పక్కన 1948 నుంచి 2004 దాకా ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీ ఉండేది. ఉన్నది పొలిమేర అవతల, పేరు మాత్రం మెటచెన్ ఫ్యాక్టరీ అని. 1960ల నాటి ఫోర్డ్ మస్టాంగ్ కారుకు ఫ్యాక్టరీలో వేసిన నంబరులో ఫ్యాక్టరీ గుర్తుగా 'టీ' అక్షరం ఉంటే అది అక్కడ తయారైందే. మూతపడ్డాక ఆ జాగాలో దుకాణాలు కట్టారు. వరంగల్‌లో మూతపడ్డ మన అజంజాహి మిల్లు జాగా మీదుగా పోయినప్పుడల్లా నాకు అది మనసులో మెదులుతుంది.

*

ప్రశ్న: మెటచెన్‌ను 'బ్రెయినీ బరో' అంటారని చదివాను. అంత తెలివైన వాళ్లా అక్కడ?
— ఒక ఇంటర్ విద్యార్థి, నర్సంపేట

జవాబు: ఇరవయ్యో శతాబ్దం మొదట్లో రచయితలు, చిత్రకారులు, మేధావులు చాలామంది అక్కడ కాపురం పెట్టారు బిడ్డా, అట్లా వచ్చిన పేరు. ఇంద్రజాలికుడు డేవిడ్ కాపర్‌ఫీల్డ్ పెరిగింది ఆ ఊళ్లోనే. ఇప్పటివాళ్ల తెలివి అంటావా, రోజూ పొద్దున్నే స్టేషన్ పార్కింగు కోసం పడే తిప్పలు చూస్తే మనలాగే ఉన్నారు.

*

ప్రశ్న: నాటుకోడి పచ్చడి, సకినాలు, కరివేపాకు, బియ్యం, అన్నీ సర్దుతున్నా. 23 కిలోల పెట్టె చాలడం లేదు. ఏది తీసేయాలి? వెంకన్న గుడి దగ్గర్లో ఉందా?
— ఒక అమ్మమ్మ, హుజూరాబాద్

జవాబు: నాటుకోడి పచ్చడి తీసేయండి. మాంసం ఏ రూపంలో ఉన్నా ఇండియా నుంచి తీసుకుపోనివ్వరు. పచ్చి కరివేపాకు కూడా నిషేధమే, దాంతో నిమ్మజాతి చెట్లకు తెగులు వస్తుందని వాళ్ల భయం. విత్తనాలూ వద్దు. తిండి సామాను ఉందా అని కాగితం మీద అడిగినా, ఆఫీసరు అడిగినా "ఉంది" అనే చెప్పండి. దాచితేనే జరిమానా. బియ్యం అసలే అనవసరం. ఎడిసన్, ఐస్‌లిన్ మధ్య ఓక్ ట్రీ రోడ్ అని ఉంది, మెటచెన్ నుంచి కారులో పది పదిహేను నిమిషాలు. సోనామసూరి నుంచి చింతపండు, స్టీలు గిన్నెల దాకా, బంగారు గాజుల దాకా అక్కడ దొరకనిది లేదు. కరివేపాకూ దొరుకుతుంది.

వెంకన్న గుడి బ్రిడ్జ్‌వాటర్‌లో ఉంది, కారులో అరగంట. శనివారం పొద్దున్నే పోతే పార్కింగు దొరుకుతుంది.

సకినాలు మాత్రం ఎన్ని పడితే అన్ని పెట్టుకోండి. పెట్టెలో అడుగున కాదు, పైన, బట్టల మధ్య. అడుగున పెడితే చేరేసరికి పిండే మిగులుతుంది.